రోబో బొమ్మ తుంటి కీలు జారిపోతోంది, ఏం పూస్తే నిలుస్తుంది?

18 సెంటీమీటర్ల రోబో యాక్షన్ ఫిగర్. తయారీ నిజంగా బాగుంది: మోకాళ్లు టక్కుటక్కుమంటూ ఎక్కడ వంచితే అక్కడ ఆగుతాయి, పాదాలు పక్కకి కూడా వాలతాయి. బాధంతా కుడి తుంటి బాల్ జాయింట్‌తోనే (గుండ్రటి బాల్ గిన్నెలాంటి గుంటలో తిరిగే కీలు). రెండు కాళ్ల మీద నిలుస్తుంది. ఎడమ కాలు ఎత్తి పరుగు భంగిమ పెడితే మాత్రం నిమిషం లోపే ఆ కీలు మెల్లగా జారి, బొమ్మ వెనక్కి పడిపోతుంది. వీపు మీది రెక్కలు తీసేసినా అంతే.

తొడలోని స్క్రూ బిగించాను, తేడా లేదు. బాల్ మీద రంగులేని నెయిల్ పాలిష్ పలచగా పూసి, రాత్రంతా విడిగా ఆరబెట్టి బిగించాను. మొదట గట్టిగానే పట్టింది. కాస్త అటూ ఇటూ తిప్పేసరికి తెల్లటి రేకులుగా ఊడి గిన్నెలో చేరింది. టెఫ్లాన్ టేపు చుడితే ఇంకా జారుడే.

బాల్ సబ్బులా నున్నగా ఉంది, పీఓఎం అనే గట్టి, జారుడు ప్లాస్టిక్ అనుకుంటున్నాను. దానికి జిగురూ రంగూ సరిగా అంటవు. గిన్నె అంచేమో పలచన, బాల్ మరీ లావైతే చీలుతుందని భయం.

ఇలాంటి బాల్‌ను ఉప్పు కాగితంతో గరుకు చేసి సూపర్ గ్లూ పొర వేస్తే నిలుస్తుందా, లేక గిన్నె లోపల పూయడం మేలా?