ఫ్లాష్‌లో ఉండిపోయిన వీణ పాఠాలు మళ్లీ ఆడించడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. మాది చిక్కడపల్లి. మా అత్తయ్య వీణ నేర్పుతారు. 2010లో సరళీ వరుసల నుంచి అలంకారాల దాకా నలభై పాఠాలు రికార్డు చేయించి సొంత వెబ్‌సైట్‌లో పెట్టారు. అన్నీ ఎఫ్ఎల్‌వీ (ఫ్లాష్ వీడియో) ఫైళ్లే, బ్రౌజర్‌కు తగిలించే ఫ్లాష్ ప్లేయర్ అనే ప్లగిన్‌లో ఆడేవి. ఇప్పుడు ప్లగిన్ లేదని వస్తోంది. సికింద్రాబాద్‌లో ఒక షాపతను పాత ఫ్లాష్ వేసిస్తానని ఎనిమిది వందలు తీసుకున్నాడు. పాఠం ఆడలేదు సరికదా, కంప్యూటర్ నిండా ప్రకటనలు. అత్తయ్యకు ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, మళ్లీ వాయించి రికార్డు చేయలేరు. దయచేసి ఏదైనా దారి చెప్పండి.

జవాబు:
ముందు అతను వేసిన ఫ్లాష్ తీసేసి కంప్యూటర్ మొత్తం వైరస్ స్కాన్ చేయండి. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌ను ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఏదీ ఆడనివ్వదు. ఇప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో దాన్ని తగిలించే చోటే లేదు. ఫ్లాష్ ఇన్‌స్టాలర్ ఇస్తామనే సైట్లను అస్సలు నమ్మకండి.

పాఠాల గురించి టెన్షన్ పడకండి. పోయింది ప్లేయర్, వీడియోలు కాదు. సర్వర్ నుంచి నలభై ఫైళ్లూ దింపుకుని రెండు చోట్ల కాపీ దాచండి. ఆ తర్వాతే మిగతా పని. ఒక్కో ఫైల్‌నీ వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి కోడెక్ (బొమ్మను, శబ్దాన్ని కుదించిన పద్ధతి) ఏదో చూడండి. బొమ్మకు హెచ్.264, శబ్దానికి ఏఏసీ ఉంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో కోడెక్ దగ్గర ‘కాపీ’ అని ఇచ్చి ఎంపీ4 చేసుకోవచ్చు, బొమ్మ, శబ్దం ఏమాత్రం తగ్గవు. సోరెన్సన్, వీపీ6 లాంటి పాత కోడెక్‌లైతే హెచ్.264లోకి మార్చక తప్పదు. అప్పుడు ఆడియోకి 192 కేబీపీఎస్ ఇవ్వండి. గమకం (స్వరాన్ని ఊపే తీరు) నలిగిపోతే పాఠం ఉండీ లాభం లేదు. పేజీలో ఫ్లాష్ కోడ్ బదులు హెచ్‌టీఎంఎల్5 వీడియో ట్యాగ్ పెట్టండి, ప్లగిన్ అక్కర్లేదు.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. అన్నీ హెచ్.264 ఫైళ్లే, గంటలో మార్చేశాను. కానీ ప్లే నొక్కాక చాలాసేపు తిరుగుతూనే ఉంటోంది. పిల్లలు జంట వరుస దగ్గరికి వెనక్కి జరుపుదామంటే కుదరట్లేదు. ఐఫోన్‌లో అయితే అసలు ఆడట్లేదు.

మరొకరి జవాబు:
ఇవి రెండు వేర్వేరు సమస్యలండీ. ఎంపీ4లో ఏ క్షణం ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది, పేరు మూవ్. ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాన్ని మామూలుగా ఫైల్ చివర రాస్తుంది. అది చేతికి వచ్చేదాకా బ్రౌజర్ ఆట మొదలుపెట్టలేదు. మూవ్‌ఫ్లాగ్స్ దగ్గర ‘ఫాస్ట్‌స్టార్ట్’ అని ఇచ్చి ఎంపీ4ను మళ్లీ తయారుచేయండి, పట్టిక ముందుకొస్తుంది.

రెండోది సర్వర్ సంగతి. వెనక్కి జరిపినప్పుడు బ్రౌజర్ ఫైల్‌లో ఆ ముక్క మాత్రమే అడుగుతుంది. సర్వర్ 206 అనే జవాబు కోడ్‌తో (అడిగిన ముక్క ఇదిగో అని) ఆ ముక్క ఇవ్వాలి. మీది 200 కోడ్‌తో మొత్తం ఫైల్ పంపుతోందనుకుంటా. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి. ముక్కలుగా ఇవ్వని సర్వర్ నుంచి ఐఫోన్ సఫారీ వీడియో ఆడించదు. అపాచీ, ఎన్‌జింక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్లు రెండూ మామూలు ఫైళ్లను అలా ముక్కలుగా ఇస్తాయి. పాత సైట్ కాబట్టి మధ్యలో ఫైల్‌ను పంపే పీహెచ్‌పీ స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) ఉందేమో వెతకండి. కంటెంట్ టైప్ (ఇది ఏ రకం ఫైలో సర్వర్ చెప్పేది) ‘వీడియో/ఎంపీ4’ అని వస్తోందో లేదో కూడా చూడండి.

అడిగినవారు:
స్క్రిప్టే ఉందండీ! తీసేసి ఫైల్‌కు నేరుగా లింక్ ఇచ్చాను. 206 వస్తోంది, ఐఫోన్‌లోనూ ఆడింది. అత్తయ్య మాయామాళవగౌళ పాఠం రెండుసార్లు పెట్టించుకుని విన్నారు. ఇక తాళం సాధన చేసే ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్ ప్రోగ్రామ్ ఫైల్) ఒకటి మిగిలింది. అది వీడియో కాదు, నొక్కితే కదిలేది.

మరొకరి జవాబు:
దానికి రఫుల్ వాడండి. అది ఫ్లాష్‌ను అనుకరించే ఉచిత సాఫ్ట్‌వేర్, చూసేవాళ్లు ఏమీ వేసుకోనక్కర్లేదు. దాని ఫైళ్లు మీ సర్వర్‌లో పెట్టి పేజీలో స్క్రిప్ట్ కలపండి. వాటిలోని వాస్మ్ (వెబ్‌అసెంబ్లీ) ఫైల్‌కు కంటెంట్ టైప్ ‘అప్లికేషన్/వాస్మ్’ అని అపాచీలో యాడ్‌టైప్‌తో రాయండి. ఆడకపోతే ఎఫ్12 నొక్కితే కనిపించే కన్సోల్‌లో వచ్చిన ఎర్ర అక్షరాలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.