నింటెండో వారి గేమ్ యంత్రం ఎన్64ని వదిలి, ఆటలు తయారుచేసే స్క్వేర్ సోనీ దగ్గరికి వెళ్ళింది: ద్రోహమా, వ్యాపారమా?

పాత_కన్సోల్:
1987లో నింటెండో ఫామికామ్ మీద ఫైనల్ ఫాంటసీ హిట్ కాకపోయుంటే స్క్వేర్ పేరు ఎవరికీ తెలిసేది కాదు. మొదటి ఆరు భాగాలూ నింటెండో యంత్రాల మీదే వచ్చాయి. 1996 మార్చిలో స్క్వేర్, నింటెండో కలిసి చేసిన సూపర్ మారియో ఆర్‌పీజీ విడుదలైంది. దానికి రెండు నెలల ముందే, జనవరిలో, ఫైనల్ ఫాంటసీ ఏడో భాగం సోనీ ప్లేస్టేషన్‌కని ప్రకటించేశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

లెక్కల_మాస్టారు:
ఆ ఇంట్లో తిండి ఊరికే పెట్టలేదండీ. అప్పట్లో నింటెండో యంత్రాల ఆటలుండే కార్ట్రిడ్జ్ తయారుచేసేది నింటెండోనే. ఎన్ని కావాలో వారాల ముందే చెప్పాలి, డబ్బు కూడా ముందే కట్టాలి. ఆట హిట్ అయితే, మళ్ళీ సరుకు వచ్చేసరికి జనం ఇంకోదాని మీద పడతారు. పోతే, మిగిలినవన్నీ మీ గోడౌన్‌లోనే. ప్లేస్టేషన్ వాడే సీడీ అయితే కొద్దికొద్దిగా కొట్టించుకోవచ్చు, అయిపోతే రోజుల్లో మళ్ళీ వస్తాయి. ఫామికామ్ తర్వాతి యంత్రం సూపర్ ఫామికామ్ మీద ఆరో భాగం 11,400 యెన్లు. మూడు సీడీల ఏడో భాగం 6,800. ఈ తేడా ఎక్కడిది?

పాత_కన్సోల్:
మీరు ధర అంటున్నారు, ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త సకాగుచి చెప్పింది మాత్రం కార్ట్రిడ్జ్‌లో స్థలం చాలదని. ఆ మాట నేను ఒప్పుకోను. రెండు సీడీల రెసిడెంట్ ఈవిల్ 2 ఆటని 64 మెగాబైట్ల ఎన్64 కార్ట్రిడ్జ్‌లో పట్టించారు, వీడియోలతో సహా. మరి అదెలా పట్టింది?

లెక్కల_మాస్టారు:
అది 1999. 1996లో సూపర్ మారియో 64 వచ్చింది 8 మెగాబైట్లలో. సీడీలో 650 పడతాయి.

పాత_కన్సోల్:
పట్టిందా లేదా? అది చెప్పండి చాలు.

సాటర్న్_శీను:
సెగా వారి యంత్రం సాటర్న్ ఊసే ఎవరూ ఎత్తరేం? గ్రాండియా ఆట 1997లో ముందు వచ్చింది దాని మీదే. ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్‌కి అదనపు మెమరీ ఇచ్చే 4 మెగాబైట్ల ర్యామ్ కార్ట్రిడ్జ్ వేసుకుని ఆడితే ఆర్కేడ్‌కి ఎంత దగ్గరగా ఉంటుందో! ప్లేస్టేషన్‌లో ఆట మధ్యలో పాత్ర మార్చుకోవడమే తీసేశారు.

హిమబిందు_ఒసాకా:
ఒక్క స్క్వేర్‌నే పట్టుకుంటే ఎలాగండీ? ఇంకో ఆటల కంపెనీ నామ్కోని చూడండి. 1984లో హడ్సన్‌తో పాటు ఫామికామ్‌కి ముందుగా వచ్చిన బయటి కంపెనీ అది, అందుకే మంచి షరతులు దొరికాయి. 1989లో ఒప్పందం తిరగరాసేటప్పుడు అవి పోయాయి. నామ్కో అధిపతి నకమురా నింటెండోని బహిరంగంగానే విమర్శించారు. 1994 డిసెంబరు 3న ప్లేస్టేషన్ విడుదలైన రోజే పక్కన నామ్కో కార్ల పందెం ఆట రిడ్జ్ రేసర్ ఉంది. అది యాదృచ్ఛికం అనుకోను.

గుంటూరు_గేమర్:
+1 హిమబిందు గారూ. జపాన్‌లో ఎన్64 విడుదల రోజున మూడే ఆటలు, అందులో ఒకటి షోగి, అంటే జపాన్ చదరంగం.

పాత_కన్సోల్:
నామ్కో సంగతి వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. మాస్టారు గారికి ప్రతిదీ డబ్బే. ఆట అంటే సరుకు మాత్రమేనా?

లెక్కల_మాస్టారు:
అవును, డబ్బే! ఎందుకో వినండి. మా చిన్న స్టూడియో ఒక ఆటకి పెట్టె ఎడిషన్ వేసింది. కనీసం ఇన్ని తీసుకోవాలన్నారు, మొత్తం ముందే కట్టించుకున్నారు. అమ్ముడుపోనివి ఇప్పటికీ మా అటక మీద అట్టపెట్టెల్లో ఉన్నాయి, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. ఆ నెల జీతాలకి మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాను. నష్టం మొత్తం తయారుచేసినవాడి నెత్తిన పెట్టి, విశ్వాసం కూడా వాడే చూపించాలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పాత_కన్సోల్:
మీ కష్టం నాకు అర్థమైంది మాస్టారూ, కానీ నాదీ వినండి. బాబాయిని బతిమాలి అమెరికా నుంచి ఎన్64 తెప్పించుకున్నాను, తర్వాతి ఫైనల్ ఫాంటసీ దాని మీదే వస్తుందన్న నమ్మకంతో. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఇంట్లో ఇంకో యంత్రం కొనే స్తోమత లేదు. నింటెండోకి స్క్వేర్ ఏం బాకీ ఉందో నాకు అనవసరం. పాత ఆటలు చూసి యంత్రం కొన్నవాడికి ఎవరు జవాబు చెప్పాలి? మొదటి నుంచీ నేనడుగుతున్నది అదే.

లెక్కల_మాస్టారు:
ఆ జవాబు యంత్రం అమ్మినవాడు చెప్పాలి. రాబోయే ఆటల ఆశ చూపించి అమ్మింది వాళ్ళు. ఆట రాసేవాడు మీకు ఏ మాటా ఇవ్వలేదు.

హిమబిందు_ఒసాకా:
అది కూడా అంత తేలిక కాదు మాస్టారూ. 1997 జనవరిలో డ్రాగన్ క్వెస్ట్ 7 ప్లేస్టేషన్‌కని చెప్పింది ఎనిక్స్, అంటే ఆట రాసేవాళ్ళే. ఆ మాట విని యంత్రం కొన్నవాళ్ళ చేతికి ఆట వచ్చింది 2000 ఆగస్టులో.

పాత_కన్సోల్:
ఆలస్యంగానైనా వచ్చింది కదా. నాకు అదీ లేదు.

లెక్కల_మాస్టారు:
ఎనిక్స్ మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది. స్క్వేర్ ఎన్64 కొన్నవాళ్ళకి అలాంటి మాట ఎప్పుడిచ్చిందో ఒక్క ప్రకటన చూపించండి.