అప్‌డేట్: ‘గిడ్డీ’ అనే మాటపై నేను అడిగిన సందేహం

తల తిరుగుతున్నదని తెలియజేస్తూ రాసిన సెలవు లేఖలో నేను ‘గిడ్డీ’ అనే విశేషణం వాడగా, అమెరికన్ ఇంగ్లీషుకు అలవాటుపడిన పై అధికారి దానిని పట్టలేని సంతోషమని అర్థం చేసుకున్నారనీ, ఇందులో పొరపాటు ఎవరిదనీ ఇంతకుముందు అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లు నిఘంటువులు చూశాక, రెండు అర్థాలూ సరైనవేనని తేలింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ మాట పుట్టుక. పాత ఇంగ్లీషులో దీనికి మతి చలించినవాడని అర్థం. దేవుడిని సూచించే ‘గాడ్’ అనే మాటకూ దీనికీ మూలం ఒకటే కాబట్టి, ఏదో శక్తి ఆవహించినవాడనే భావం, అంటే మనం పూనకం అనేదానికి దగ్గరి భావం, అందులో ఉన్నదన్నమాట. తల తిరగడమనే అర్థం తరువాత వచ్చి చేరింది. ‘డిజ్జీ’ కూడా ఒకప్పుడు తెలివితక్కువవాడనే అర్థంలోనే ఉండేదట.

భారతీయ ఇంగ్లీషులో ‘గిడ్డీ’ నేటికీ అనారోగ్య లక్షణంగానే ఎక్కువగా వినిపిస్తుంది. అమెరికాలో సంతోషమనే అర్థమే ముందు స్ఫురిస్తుంది. అందుకే ఇకపై లేఖల్లో ‘డిజ్జీ’ అనే రాయాలని నిర్ణయించుకున్నాను. వైద్యుల దగ్గర మాత్రం అదీ చాలదు. పరిసరాలు గిర్రున తిరుగుతున్నట్లుంటే ‘వర్టిగో’ అనీ, స్పృహ తప్పబోతున్నట్లుంటే ‘లైట్‌హెడెడ్’ అనీ విడదీసి చెప్పాలి, ఎందుకంటే వాటి కారణాలు సాధారణంగా వేరు. తెలుగులో ‘కళ్ళు తిరగడం’ ఈ రెండింటికీ సరిపోతుంది కనుక, ఈ తేడా నాకు ఇన్నాళ్లూ తట్టనేలేదు.