డిస్కులో సగానికి పైగా ఖాళీ, అయినా చోటు లేదంటున్న సర్వరు

నాగావళి (రాయగడ):
ఇక్కడి ఒక టోకు దుకాణపు బిల్లింగు సర్వరును నేను చూసుకుంటున్నాను. డెబియన్ లినక్స్, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, 100 జీబీ పార్టిషను. ప్రతి బిల్లూ ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి చొప్పున చిన్న ఫైళ్లుగా చేరుతుంది. నిన్నటి నుండి కొత్త బిల్లు సేవ్ చేయబోతే డిస్కులో చోటు లేదన్న సందేశం వస్తోంది. డిస్కు వాడకం చూపే డీఎఫ్ -హెచ్ ఆదేశం మాత్రం 34 శాతమే నిండిందని చూపుతోంది. తుడిచేసిన పెద్ద ఫైలును ఏదైనా ప్రాసెస్ ఇంకా తెరిచి ఉంచిందా? వేగం కోసం బారియర్లు (రాతలు డిస్కుకు సరైన వరుసలో చేరేలా చూసే ఏర్పాటు) తీసేయమని కూడా ఒకరు సలహా ఇచ్చారు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
అది కారణమైతే డీఎఫ్‌లోనే డిస్కు నిండినట్లు కనిపించేది, కాబట్టి ఆ అనుమానం వదిలేయండి. డీఎఫ్ -ఐ కొట్టి ఐనోడ్ల (ఫైళ్ల వివరాలుండే నమోదుల) లెక్క చూడండి. ఈఎక్స్‌టీ4లో ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి. మామూలు అమరికలో 16 కేబీకి ఒకటి చొప్పున, ఫార్మాట్ చేసిన రోజునే వాటి సంఖ్య ఖాయమైపోతుంది. గోదాములో చోటున్నా చిట్టా పుస్తకంలో పేజీలు అయిపోతే కొత్త సరుకు దించుకోలేం కదా, ఇదీ అంతే. ఏ డైరెక్టరీ తినేసిందో డీయూ --ఐనోడ్స్ చెబుతుంది.

నాగావళి:
మీరన్నదే నిజం. 65,53,600 ఐనోడ్లూ అయిపోయాయి. బిల్లులు అనుకున్నదానికన్నా చాలా తక్కువ. దాదాపు 58 లక్షలు పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లే (ప్రోగ్రాము వాడేవారి తాత్కాలిక వివరాలుండేవి). ఆ డైరెక్టరీలో ఏముందో చూడటానికి ఎల్ఎస్ కొడితే తెర కదలడం లేదు, తుడవడానికి ఆర్ఎం నక్షత్రం కొడితే జాబితా మరీ పొడవైందంటోంది.

మహేంద్రగిరి:
డెబియన్‌లో పాత సెషన్లను ఊడ్చే పని పీహెచ్‌పీది కాదు, విడిగా నిర్ణీత వేళకు నడిచే ఒక స్క్రిప్టుది. అది పీహెచ్‌పీ.ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైలులో రాసిన చోటునే చూస్తుంది. మీ బిల్లింగు ప్రోగ్రాము తన కోడులోనే సెషన్ల చోటు మార్చుకొని ఉంటుంది, అందుకే అక్కడికి చీపురు చేరలేదు. ఆ చోటును పీహెచ్‌పీ.ఐఎన్ఐలోనూ రాయండి.

తుడవడానికి ఫైండ్ వాడండి, కాని -డిలీట్‌ను చివరనే పెట్టండి: పాత ఫైళ్లను ఏరే -ఎంటైమ్ +1 షరతు కంటే ముందు పెడితే వయసు చూడకుండా అన్నిటినీ తుడిచేస్తుంది. మొదట -ప్రింట్‌తో ఒకసారి సరిచూసుకోవడం మేలు.

బరంపురం నుండి ఒక పాత సిసాడ్మిన్:
రెండు మాటలు. ఫైళ్లు పోయినా ఈఎక్స్‌టీ4లో ఆ డైరెక్టరీ తన పరిమాణం తగ్గించుకోదు, తెరిచి చూస్తే ఇంకా నెమ్మదిగానే ఉంటుంది; కొత్త డైరెక్టరీ చేసి అవే హక్కులిచ్చి, పాతదాన్ని తీసేయండి. ఇక బారియర్ల సంగతి: డ్రైవు కాష్‌కు (రాతలు తాత్కాలికంగా ఆగే మెమరీకి) బ్యాటరీ రక్షణ లేని సర్వరులో వాటిని తీసేస్తే, కరెంటు పోయిన క్షణాన జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) వరుస తప్పి ఫైల్ సిస్టమే పాడు కావచ్చు. మన వైపు వానాకాలపు కరెంటును నమ్మి ఆ పని చేసేవారిని నేనైతే బిల్లింగు దగ్గరికి రానివ్వను. మళ్లీ ఫార్మాట్ చేసే రోజు వస్తే ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ గురించి ఆలోచించండి, అందులో ఐనోడ్లు అవసరాన్ని బట్టి పుడతాయి.

నాగావళి:
తుడిచాను, డైరెక్టరీ మార్చాను. ఐనోడ్లు 12 శాతానికి దిగాయి, బిల్లులు సేవ్ అవుతున్నాయి. బారియర్లను ముట్టుకోలేదు.