కెమిస్ట్రీ డిగ్రీ తర్వాత ఎంబీఏ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కెమిస్ట్రీ డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నానండి. ల్యాబ్ అంటే ఇష్టమే, కానీ టైట్రేషన్‌లో (రంగు మారేదాకా ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపే ప్రయోగం) ఒక్క చుక్క ఎక్కువై లేత గులాబీ రంగు కాస్తా ముదిరిపోయి మళ్లీ మొదటినుంచి మొదలెట్టినప్పుడల్లా జీవితాంతం ఇదేనా అనిపిస్తుంది. నా ఆసక్తంతా వేరే చోట ఉంది: ఫ్లాస్కులో గ్రాముల్లో వచ్చే మందు ఫ్యాక్టరీలో టన్నుల్లో రావాలంటే ఖర్చెంత, సాల్వెంట్ (కరిగించడానికి వాడే ద్రవం) ఎంత తిరిగి రాబట్టొచ్చు, 20 ఏళ్ల పేటెంట్ అయిపోయాక ధర ఏమవుతుంది, ఇలాంటివి. అందుకే ఎంబీఏ ఆలోచన. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో లెక్కలకి భయం లేదు, అకౌంటింగ్‌లో మాత్రం డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో కూడా తెలీదు (నవ్వకండి). డిగ్రీ అవ్వగానే చేరిపోవాలా, లేక రెండు మూడేళ్లు క్వాలిటీ కంట్రోల్‌లోనో ప్రొడక్షన్‌లోనో పనిచేసి వెళ్లాలా? ఫ్రెషర్‌గా వెళ్తే ప్లేస్‌మెంట్లలో ఈ కెమిస్ట్రీని ఎవరైనా పట్టించుకుంటారా? ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.