9 ఎంఎం రీలోడింగ్: ఒకే డబ్బాలో బుల్లెట్లు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి, మీకూ అంతేనా?

గ్యారేజీ రాజు (డాలస్):
నాలుగేళ్లుగా ఇంట్లోనే 9 ఎంఎం పిస్టల్ తూటాలు రీలోడ్ చేసుకుంటున్నా, అంటే కాల్చేసిన ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు, బుల్లెట్ పెట్టి తూటా చేయడం. ఈసారి చవగ్గా వస్తున్నాయని 124 గ్రెయిన్ల బరువుండే ప్లేటెడ్ (సీసం మీద రాగిపూత వేసిన) బుల్లెట్లు వెయ్యి తెప్పించాను. 25 గజాల దగ్గర అరచేతిలో ఇమిడే గ్రూపు (కాగితం మీద చిల్లులు పడే మేర) కాస్తా అన్నం పళ్లెమంత అయింది. తూకం వేస్తే 122.4 నుంచి 125.6 దాకా వస్తున్నాయి. రౌండు (పూర్తయిన తూటా) పొడవు కూడా నిలకడగా లేదు. తూటా బిగించే ప్రెస్‌లో సెట్టింగ్ ఏదీ ముట్టుకోలేదు. బుల్లెట్ అంటే ఇక్కడ ముందుండే ముక్క, బండి కాదు. పోయినసారి ఒకాయన సైలెన్సర్ సంగతి అడిగాడు!

తూకంరాయి:
అన్నా, ముందు కాటాని అనుమానించండి. నేను రెండు వారాలు బుల్లెట్లని తిట్టుకున్నాను. తీరా చూస్తే బెంచీ పక్కన టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. అదే బుల్లెట్‌ని ఐదుసార్లు పెడితే ఐదు లెక్కలు. గ్రెయిన్ అంటే 0.065 గ్రాములే కదా, గాలికే ఊగుతుంది. ఆన్ చేసి అరగంట ఆగి, చెక్ వెయిట్ (బరువు ముందే తెలిసిన రాయి) పెట్టి చూశాకే నమ్మండి.

సీసపు పోత:
నేను సొంతంగా పోసుకుంటాను. అచ్చు చల్లగా ఉంటే బుల్లెట్ మీద ముడతలు, మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లదనం. లోపల గాలి బుడగ ఉంటే కంటికి కనపడదు, కాటా మీదే దొరుకుతుంది. అయినా నా లెక్కలో పిస్టల్‌కి గ్రెయిన్, గ్రెయిన్నర తేడాతో గ్రూపు పళ్లెమంత కాదు. అడుగు భాగం చొట్టపోయిందా చూడండి. మైక్రోమీటరుతో వ్యాసం కొలవండి, 0.355 అంగుళం దగ్గర ఉండాలి. ఇంకోటి, పుల్లర్‌తో ఒక బుల్లెట్‌ని తూటాలోంచి బయటికి లాగి, క్రింప్ (తొడుగు మూతిని బుల్లెట్ మీదికి నొక్కడం) పడిన చోట చూడండి. రాగిపూత పలచన, గట్టిగా నొక్కితే తెగిపోతుంది. కాగితం మీద చిల్లు గుండ్రంగా కాక అడ్డంగా పడుతోందంటే ఇదే అయి ఉండొచ్చు.

హ్యూస్టన్ బావ:
పొడవు సంగతి నేను చెప్తా. బుల్లెట్‌ని తొడుగులోకి దించే సీటింగ్ స్టెమ్ దాని మొనని నొక్కదు, దాని కిందున్న వంపుని నొక్కుతుంది. వంపు మారితే పొడవు మారుతుంది, అంటే డబ్బాలో రెండు లాట్లు (వేర్వేరు తయారీ విడతలు) కలిసిపోయాయేమో! బ్యారెల్ విప్పి, రౌండు అందులో వేసి చూడండి. టక్కున దిగి, వేలితో తిప్పితే తిరగాలి. తొడుగు మెడ దగ్గర బుల్లెట్ పట్టు కూడా చూసుకోండి. బొటనవేలితో బెంచీకి ఆనించి నొక్కితే లోపలికి జరిగిందా, ఆ రౌండు కాల్చొద్దు. 9 ఎంఎంలో చోటు తక్కువ, కాస్త దిగినా ప్రెషర్ బాగా పెరిగిపోతుంది.

కృష్ణలంక కుర్రాడు:
ఇవన్నీ మన ఊళ్లో కూడా ఇంట్లో చేసుకోవచ్చా?

హ్యూస్టన్ బావ:
వద్దు తమ్ముడూ. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తయారీకి వేరే లైసెన్స్ ఉండాలి. ఇక్కడి పద్ధతి ఇక్కడికే.

గ్యారేజీ రాజు:
శనివారమంతా ఇదే పని. ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ వంద తూచాను. రెండు కుప్పలు తేలాయి: 61 బుల్లెట్లు 123 చుట్టూ, 39 బుల్లెట్లు 125 చుట్టూ. పక్కపక్కన నిలబెడితే బరువైన వాటి ముక్కు కాస్త మొద్దుగా ఉంది. బావ మాటే నిజం. సీసపు పోత గారు చెప్పిందీ నిజమే, క్రింప్ దగ్గర పూత మీద గోటితో గీరినట్టు గీత. క్రింప్ తగ్గించి, కుప్పకో సీటింగ్ సెట్టింగ్ పెడితే గ్రూపు సాసరంత అయింది. అరచేతికి ఇంకా రాలేదు. అమ్మినవాళ్లకి రాస్తే ‘లాట్లు కలవడం మామూలే’ అన్నారు. మామూలే అయితే డబ్బా మీద రాయొచ్చుగా! మిగతావి ఏరి రెండు పెరుగు డబ్బాల్లో పోసి, మూతల మీద మార్కర్‌తో రాసి పెట్టాను.

సీసపు పోత:
రాజు గారూ, ఆ పెరుగు డబ్బాలు మళ్లీ వంటింటి గడప తొక్కకుండా చూడండి. పూత ఉన్నా లోపలుండేది సీసమే. చేతులు కూడా సబ్బుతో కడుక్కున్నాకే కాఫీ.