శబ్దవేధా, శబ్దభేదా?

తాటాకు: దశరథుడు కౌసల్యతో చెప్పుకున్న శ్లోకంలో ‘కుమారః శబ్ద...తి మయా పాపమిదం కృతమ్’. చప్పుడు విని గురి కొట్టేవాడు అనే ఆ మాట నడుమ వేధీనా, భేదీనా? పాసివ్ రాడార్ మీద వ్యాసం రాస్తున్నా. తాను ఏమీ పంపకుండా, ఎఫ్‌ఎం స్టేషన్ తరంగాలు విమానానికి తగిలి వస్తే వినే రిసీవర్‌కి ఈ పేరు పెడదామని. రెండు రోజులుగా ఆ అక్షరం దగ్గరే ఆగిపోయా.

గంటం: వేధీనే. చెవులు కుట్టించడాన్ని కర్ణవేధ అంటాం గానీ కర్ణభేద అంటామా?

చుక్కలరాయుడు: హిందీ సీరియళ్లు వచ్చాకే భేది దూరింది.

కావిడి: మా తాతగారు హరికథలో భేది అనే పాడేవారండీ. ఊళ్లో కరెంటే లేదప్పుడు.

రేడియోపిచ్చి: అసలు పోలికే కుదరలేదు. దశరథుడు విన్న శ్రవణుడి కుండ బుడబుడమన్నది దాని సొంత చప్పుడు. లక్ష్యం చేసే చప్పుడే వినేవి చెక్‌వాళ్ల ‘తమారా’, ‘వేరా’ అనే నిఘా యంత్రాలు. పాసివ్ రాడార్ అంటే వెన్నెల్లో దొంగను చూసే కాపలావాడు. చేతిలో లాంతరు ఉండదు కాబట్టి ఎటు రాయి విసరాలో దొంగకి తెలియదు. 1935లో డావెంట్రీ దగ్గర బీబీసీ ప్రసారంతో హేఫర్డ్ విమానాన్ని పట్టింది ఇలాగే. యుద్ధంలో జర్మన్ల క్లైన్ హైడెల్‌బర్గ్ బ్రిటిష్ చెయిన్ హోమ్ రాడార్ల తరంగాలనే వాడుకుంది. వాటిని చెడగొడితే బ్రిటిష్‌వాళ్ల కళ్లకే గంతలు!

తాటాకు: రొద పంపి రాడార్‌ని చెడగొట్టే జామర్ అన్ని దిక్కులా కొడితే?

రేడియోపిచ్చి: శక్తి పలచబడుతుంది. రిసీవర్లు ఊరికొకటి ఉంటే ఒకదానికి చెవుడొచ్చినా మిగతావి వింటాయి. ఆ రొద ఎటునుంచి వస్తోందో కూడా పట్టేస్తాయి. అలాగని అసలు జామ్ కాదని రాయకండి. దగ్గరికొచ్చి అదే బ్యాండ్‌లో గట్టిగా అరిస్తే ఏదీ తట్టుకోదు.

కావిడి: అయితే రెండూ ఉంచుకోండి. వినేది శబ్దవేధి, వినికిడి చెడగొట్టే జామర్ శబ్దభేది!

గంటం: చమత్కారం బాగుంది. నిఘంటువు ఒప్పుకోదు.

చుక్కలరాయుడు: జామర్ అవస్థ పోతన ఎప్పుడో రాశాడు. ‘కలడందు రన్ని దిశలను, కలడు కలండనెడివాడు కలడో లేడో’.

గంటం: అరసున్నలన్నీ మింగేశారు.

కావిడి: మరి ‘కలండనెడి’లో నిండుసున్న ఎందుకొచ్చింది మాస్టారూ?

గంటం: గణం కోసం. ‘లఁడనె’ అంటే ఒక మాత్ర తగ్గుతుంది.

చుక్కలరాయుడు: గణం కోసం కాదు, నొక్కి చెప్పడానికి. గజేంద్రుడి గొంతు అక్కడే వణుకుతుంది.

తాటాకు: అయ్యా, నా వ్యాసం రేపు ఇవ్వాలి...

గంటం: ఉండండి, ఈ సున్న సంగతి తేలనివ్వండి.